పచ్చదీపం వరుసలో కూర్చున్న రోజు

ఆఫీసులో ఆవిడను అందరూ పిన్నిగారు అనేవారు. మొదట వెనకాల అన్నారు, తరవాత ఎదురుగానే అన్నారు, ఆవిడ నవ్వి ఊరుకునేసరికి అదే పేరు ఖాయమైపోయింది. ఇద్దరు పిల్లల్ని పెంచడానికి తొమ్మిదేళ్ళు ఇంట్లో ఉండి, మళ్ళీ ప్రోగ్రామర్‌గా చేరిన మనిషి. ఈ తొమ్మిదేళ్ళలో లోకం తలకిందులైపోయిందని ఇంటర్వ్యూ చేసిన ప్రతివాడూ ఆవిడకు జాలిగా చెప్పాడు. చివరికి ఈ కంపెనీ మాత్రం మూడు నెలలు పని చూసి చెబుతామంది. చూడనీ, చూస్తే నాకేం భయం అనుకుని చేరింది. నిజానికి భయం ఉంది. ఈ ఉద్యోగం కూడా నిలవకపోతే ఇంకొకరు పిలుస్తారన్న ఆశ ఆవిడకు లేదు.

మేనేజరుకూ ఒక పేరుంది, పచ్చదీపం. ఆయన గదిలో గోడంత తెర ఉండేది. పని సవ్యంగా ఉంటే దాని మీద పచ్చచుక్క, తేడా వస్తే ఎర్రచుక్క. ఎర్రచుక్క కనబడిందంటే ఆయనకు ఆ పూట ముద్ద దిగదు. చెడ్డవాడేం కాదు పాపం. పైవాళ్ళు ఆయన్ని అడిగేది చుక్కల రంగు, ఆయన కిందివాళ్ళను అడిగేదీ అదే.

ఆ రోజుల్లో వాళ్ళు ఒక పెద్దాసుపత్రికి వరుస నడిపే ప్రోగ్రామ్ తయారుచేస్తున్నారు. వచ్చినవాళ్ళు నంబరు తీసుకుని కూర్చుంటారు, ఎవర్ని ఎప్పుడు లోపలికి పిలవాలో ప్రోగ్రామ్ చెబుతుంది. డెబ్భై దాటినవాళ్ళను ముందు పిలవాలన్నది ఆసుపత్రి పెట్టిన నియమం. ప్రోగ్రామ్ రాసింది ఏఐ. అది సరిగ్గా ఉందో లేదో తేల్చే పరీక్షలు రాసిందీ ఏఐయే. ఆ పరీక్షలు దిద్దిందీ ఏఐయే. వందల పరీక్షలు, ఒక్కటి తప్పితే ఒట్టు. తెర మీద ఎక్కడ చూసినా పచ్చదనమే.

జట్టులో ఒక పద్ధతి ఉండేది. ఏ ప్రోగ్రామ్ బయటికి వెళ్ళాలన్నా జట్టులో ప్రతి ఒక్కరూ "సరే" నొక్కాలి, ఒక్కరు ఆగినా పని ఆగుతుంది. పెట్టినప్పుడు గొప్ప పద్ధతే. ఇప్పుడు మాత్రం సరే నొక్కడం, లేచి టీకి వెళ్ళడం ఒకే ఊపులో జరిగిపోతున్నాయి. పిన్నిగారు ఒక్కరే నొక్కలేదు.

పచ్చదీపం స్వయంగా ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏమండీ, మీ ఒక్కరి వల్లే ఆగింది. ఎర్రచుక్క ఏమైనా ఉందా?"

"లేదు సార్."

"మరింకేం?"

"పరీక్షలన్నీ చదివాను సార్. ప్రతిదాంట్లోనూ ఒక పెద్దాయన, ఒక కుర్రాడు. పెద్దాయన ముందెళ్తాడు, కుర్రాడు తర్వాత వెళ్తాడు, పాస్. పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉంటే ఆ కుర్రాడి గతేంటని ఎవరూ అడగలేదు."

"అన్ని పరీక్షలు చేసినదానికి ఆమాత్రం తెలీదంటారా?"

"దాని తప్పేం లేదు సార్. తనే ప్రశ్న రాసుకుని, తనే జవాబు రాసుకుని, తనే మార్కులేసుకోమని మనమేగా చెప్పాం. అలా అయితే నేనూ చిన్నప్పుడు క్లాసు ఫస్టే."

పక్క కుర్చీలోని డిజైనర్ పిల్ల కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గు నటించింది. పచ్చదీపం నవ్వలేదు.

"చూడండి, సోమవారం ఆసుపత్రివాళ్ళకి ఇస్తానని మాటిచ్చాను. ఈ శుక్రవారంతో మీ మూడు నెలలు అయిపోతాయి. మీ గురించి నేను పైకి ఒక మాట చెప్పాలి. ఆలోచించుకోండి."

మాట మెత్తగానే ఉంది కానీ అందులోని బెదిరింపు ఆవిడకు అర్థమైంది.

ఇంటికి వెళ్ళాక పిల్లల చేత లెక్కలు చేయిస్తున్నా మనసు అక్కడ లేదు. అత్తగారు కనిపెట్టేసింది. కోడలు మళ్ళీ ఉద్యోగంలో చేరాలని ఇంట్లో అందరికంటే ఎక్కువ పోరింది ఆవిడే. విషయమంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నేనూ డెబ్భై దాటినదాన్నేగా. నన్ను ముందు పిలిస్తే బాగానే ఉంటుంది. కానీ నాకంటే ముందునుంచీ కూర్చున్నవాడు నేను తిరిగొచ్చేసరికి కూడా అక్కడే ఉంటే, వాడి ముఖం ఎలా చూడనే?"

"నొక్కేస్తే పీడా వదులుతుంది అత్తయ్యా. ఉద్యోగం నిలబడుతుంది. నొక్కకపోతే మళ్ళీ ఇంట్లోనే."

"నీకు తప్పని తెలుసా, అనుమానమా?"

"తెలుసు."

"అయితే చెప్పి లాభం లేదు. కళ్ళకి కట్టేట్టు చూపించు. మీ ఆయనకి చిన్నప్పుడు నేను ఏదైనా చెప్తే ఎక్కేదా? చేసి చూపిస్తేనేగా ఎక్కింది!"

ఆ రాత్రి పిన్నిగారికి హాయిగా నిద్ర పట్టింది.

మర్నాడు పొద్దున్నే పిన్నిగారు ఆఫీసు నడవాలో కుర్చీలు వరసగా వేసింది. పెద్ద గది తలుపు మీద "డాక్టరు" అని కాగితం అంటించింది. తన కంప్యూటరులో అసలు ప్రోగ్రామే తెరిచి పెట్టింది. జట్టువాళ్ళంతా వింత చూడ్డానికి చేరారు. పని ఎగ్గొట్టడానికి ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదని వాళ్ళ ఆనందం వాళ్ళది.

"సార్, ఒక్క పావుగంట. మీరు కాలు బెణికిన మనిషి. వయసు నలభై రెండు. అందరికంటే ముందొచ్చారు. కూర్చోండి."

పచ్చదీపం కాఫీ కప్పుతో కూర్చున్నాడు. మిగతావాళ్ళందరికీ డెబ్భై దాటిన ముసలాళ్ళ వేషాలే. ఒకడు నడుం వంచాడు, ఇంకొకడు గొడుగు పట్టుకుని కర్రలా పొడుచుకుంటూ వచ్చాడు. ఒక్కొక్కరు రాగానే పిన్నిగారు వాళ్ళ వివరాలు ప్రోగ్రామ్‌లో కొట్టేది. తెర మీద పడిన నంబరు డిజైనర్ పిల్ల గట్టిగా చదివేది. పిలుపందుకున్న ముసలాయన డాక్టరు గదిలోకి వెళ్ళేవాడు, ఈలోగా ఇంకో ముసలాయన దిగేవాడు. లోపలికెళ్ళినవాడు వెనక తలుపులోంచి బయటపడి, ఇంకో కొత్త ముసలాయనగా మళ్ళీ హాజరయ్యేవాడు.

పచ్చదీపం నంబరు మాత్రం పలకలేదు. మొదట నవ్వాడు. తరవాత ఫోను చూసుకున్నాడు. కాఫీ చల్లారింది. ఎవరి నంబరు పిలిచినా తలెత్తి చూడడం మొదలుపెట్టాడు. గొడుగు ముసలాయన మూడోసారి ఆయన్ని దాటుకుని వెళ్తూ "కాలెలా ఉంది బాబూ?" అని పరామర్శించాడు. నడవా అంతా గొల్లున నవ్వింది.

"ఇంకెంతసేపండీ?" అన్నాడు పచ్చదీపం. గొంతులో నిజంగానే విసుగుంది.

"నన్నడిగితే ఏం లాభం సార్? ప్రోగ్రామ్ పిలవాలి. మీ గదిలో తెర చూశారా? ఇప్పుడు కూడా పచ్చగానే ఉంది."

ఆయన మెడ తిప్పి అద్దాల గోడలోంచి తన గదిలోని తెర చూశాడు. అన్నీ పచ్చచుక్కలే. తరవాత ఎదురుగా ఉన్న డాక్టరు గది తలుపు చూశాడు. చల్లారిన కాఫీ కప్పు కింద పెట్టాడు.

"ఆసుపత్రిలో అయితే ఇలా సాయంత్రం దాకా కూర్చునేవాణ్ణి కదూ?"

"అవును సార్. తలుపులు మూసేదాకా."

ఆయన లేచి, అక్కడికక్కడే ఆసుపత్రికి ఫోను చేశాడు. "సోమవారం ఇవ్వలేం. తప్పు మాదే, వారం కావాలి," అన్నాడు. ఆయన నోట తప్పు అన్న మాట జట్టువాళ్ళు వినడం అదే మొదటిసారి.

పిన్నిగారు ఏఐని పక్కన పెట్టలేదు. దాన్నే కూర్చోబెట్టి, ఇద్దరు పెద్దవాళ్ళ తరవాత కాచుకుని ఉన్న మామూలు మనిషిని ఒకణ్ణి పిలవాలని చెప్పి రాయించింది. అది చకచకా రాసిచ్చింది. దాని చురుకుదనం చూసి ఆవిడకు ముచ్చటేసింది. పరీక్షలు మాత్రం మనుషులే రాశారు. నడవాలో కుర్చీలు మళ్ళీ వేశారు. ఈసారి ఇద్దరు ముసలాళ్ళు వెళ్ళగానే డిజైనర్ పిల్ల పచ్చదీపం నంబరు చదివింది. ఆయన లాటరీ తగిలినవాడిలా ఎగిరి లేచి, బెణికిన కాలు సంగతి మరిచి పరుగున లోపలికెళ్ళాడు.

శుక్రవారం సాయంత్రం ఆయన పిన్నిగారిని పిలిచాడు.

"మీరు పర్మనెంటు. అది కాకుండా, ఇకమీద ఏ ప్రోగ్రామ్ బయటికెళ్ళాలన్నా చివరి మాట మీది. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటాను సార్. కానీ ఒకటి. నేను వద్దన్నప్పుడు ఎందుకని అడగండి, ఎంతైనా చెప్తాను. ఉద్యోగం సంగతి మాత్రం గుర్తుచెయ్యకండి."

పచ్చదీపం ముఖం ఎర్రబడింది. "తప్పయిపోయిందండీ," అన్నాడు. బయటికి వచ్చాక పిన్నిగారు మెట్ల దగ్గర ఒక్క నిమిషం నిలబడి హాయిగా ఏడ్చింది. తొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పుకోని దిగులంతా కడిగేసినట్టు పోయింది.

ప్రోగ్రామ్ ఆసుపత్రిలో మొదలైన రోజు ఇద్దరూ వెళ్ళి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. హాలు కిటకిటలాడుతోంది. ఒక పెద్దావిడ వెళ్ళింది, ఒక తాతగారు వెళ్ళారు, ఆ తరవాత చేతికి కట్టు కట్టుకున్న ఒక పనివాడి నంబరు పడింది. అతను లేచి, అదేదో మామూలు విషయమైనట్టు ఆవులిస్తూ లోపలికి నడిచాడు. ఆ ఆవులింత చూసి పిన్నిగారి గుండె పొంగిపోయింది, పట్టలేక చప్పట్లు కొట్టేసింది. హాలంతా వెనక్కి తిరిగి, ఈవిడకేమైంది అన్నట్టు చూసింది. ఆవిడ ఆపలేదు. పక్కన పచ్చదీపం గొంతు సవరించుకుని, అటూ ఇటూ చూసి, తనూ కొట్టడం మొదలుపెట్టాడు.