రెంటచింతల రోడ్డులో సలోమి నీడ

రెంటచింతల రోడ్డులో ఎండ పొద్దున తొమ్మిదింటికే మీద పడుతుంది. సలోమి పని మొదలయ్యేదీ అప్పుడే. రేకుల షెడ్డు ముందు నీళ్ళు చల్లి, పానాల పెట్టె బయటపెట్టి, ముందురోజు విప్పిన రేడియేటర్ని బల్ల మీదికి ఎత్తేసరికి రెండు కుక్కలు వచ్చి ఆమె నీడలో పడుకుంటాయి. పక్కనున్న సోడాబండి చాంద్ బీ ఐసు కొనడం మానేసి చాన్నాళ్ళయింది. సీసాల పెట్టె తెచ్చి సలోమి నీడ పడేచోట పెట్టి, "కాసేపు అటు తిరగబాకమ్మా" అంటుంది.

అందరి నీడా చల్లగానే ఉంటుంది గానీ, సలోమి నీడ ఇనుమును కూడా చల్లారుస్తుంది. పొగలు కక్కే ఇంజను మీద తన నీడ పడేట్టు ఆమె రెండు నిమిషాలు నిలబడితే, రేడియేటర్ మూత వట్టి చేత్తో తిప్పొచ్చు. మిట్టమధ్యాహ్నం మాత్రం నీడ కాళ్ళకిందికి చేరిపోతుంది. ఆ వేళలో బండి కాగబెట్టుకున్నవాళ్ళు రెండింటిదాకా సోడాలు తాగుతూ కూర్చోవాల్సిందే. ఈ సంగతి మాచర్ల దాకా డ్రైవర్లందరికీ తెలుసు.

పని నేర్పింది ఆమె భర్త ఏలియా. అతను పోయి ఆరేళ్ళయింది. అప్పట్నుంచీ ఆ షెడ్డే ఆమెకు కూడూ గుడ్డా.

ఇప్పుడు ఆ షెడ్డుకే ఎసరొచ్చింది. వెనకాల చలమయ్య రెండంతస్తుల షాపుల కాంప్లెక్సు లేపాడు. తన కొత్త షాపులకి ఈ తుప్పు రేకులు అడ్డమని ఆయన బాధ. రోడ్డు స్థలంలో ఉన్న షెడ్డు పీకెయ్యాలని అర్జీ పెట్టాడు. అర్జీ పెట్టినవాడు గురజాల ఆఫీసుకి వెళ్ళి ఆఖరి సంతకం చేస్తే చాలు, మర్నాడు పొద్దున్నే జేసీబీ వస్తుంది. సంతకానికి గడువు ఆ రోజు సాయంత్రం ఐదు.

సరిగ్గా ఆ రోజే, మూడు గంటలకి, ఆయన ఇరవై రెండేళ్ళ తెల్ల చిన్నకారు బుసలు కొట్టుకుంటూ వచ్చి సలోమి షెడ్డు ముందే ఆగిపోయింది.

చలమయ్య దిగాడు. షెడ్డు దగ్గరికి రాలేదు, దూరంనుంచే అన్నాడు.

"ఏమే, ఫ్యాన్ పోయినట్టుంది. తొందరగా చూడు. నాలుగున్నరకల్లా గురజాలలో ఉండాల."

ఎందుకుండాలో సలోమికి తెలుసు. తనను రోడ్డున పడెయ్యటానికి పోయే బండిని తన చేత్తోనే బాగుచెయ్యమంటున్నాడు. పొమ్మంటే పోతాడు, కానీ బండి చెడిందని వచ్చినవాళ్ళని ఆ షెడ్డు ఇంతవరకు వెనక్కి పంపలేదు. పానా తీసుకుని లేచింది. ఆమె నీడ బానెట్ వైపు కదలగానే చలమయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. నీ నీడ నా బండి మీద పడటానికి వీల్లా."

ఈ కాలంలో ఆ మాట మనసులో అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నా, పైకి అనేవాళ్ళు తక్కువ. చలమయ్య పైకే అంటాడు. కేసు పెడతారయ్యా అని భార్య శివనాగమ్మ మొత్తుకున్నా అంటాడు. ఆయన తండ్రి కూడా అంతే, దళితపేటవాళ్ళ నీడ తగిలిందని కోసిన మిరపకాయల్ని కళ్ళంలోనే వదిలేసిన మనిషి.

సలోమి పొద్దు ఎటుందో చూసింది. ఎండ పడమటినుంచి కొడుతోంది. బండికి తూర్పున నిలబడింది. నీడ రోడ్డు మీదికి పోయింది.

"పోయేటప్పుడు వేడెక్కుద్దా, నిలబెట్టినప్పుడా?"

"పోయేటప్పుడే. ఆపితే వేడి ముల్లు కొంచెం దిగుద్ది."

"అయితే ఫ్యాన్ కాదు. ఫ్యాన్ పోతే నిలబెట్టినప్పుడు ఎక్కాల." గుడ్డ చుట్టుకుని పైపులు పట్టుకు చూసింది. "పై పైపు కాలిపోతంది. కింది పైపు గోరువెచ్చగా ఉంది. నీళ్ళు రేడియేటర్లో దిగట్లా. ఏం నీళ్ళు పోస్తన్నారు?"

"మా కాంప్లెక్సు బోరు నీళ్ళు. మండలంలో అంత పడ్డ బోరు ఇంకోటుందా?"

అందులో అబద్ధం లేదు. బోరు బ్రహ్మాండంగా పడింది. ఆ నీళ్ళు పోస్తే బండరాయి మీద కూడా తెల్లగా పేరుకుంటుందన్నదే గొడవ. ఊళ్ళో అందరూ టిన్ను నీళ్ళు కొనుక్కుని తాగుతుంటే, చలమయ్య మాత్రం పంతానికి చుట్టాలకీ, గేదెలకీ, కారుకీ ఆ బోరు నీళ్ళే పోస్తాడు.

"మీ బోరులో సున్నం ఇందులో గడ్డకట్టింది. అంతే."

"నా బోరుకి వంకలు పెడతన్నావా?"

"మూత ఇప్పుడు తియ్యబాకండి. గంట చల్లారాల. గంట ఆగలేకపోతే నన్ను రెండు నిమిషాలు అటు నిలబడనీండి. మీ ఇష్టం."

చలమయ్య గడియారం చూసుకున్నాడు. మూడూ ఇరవై. "నన్ను ఐదుదాకా ఇక్కడ కూచోబెట్టాలని నాటకాలాడుతన్నావే. నీ ఎత్తులు నాకు తెలీవా?" అంటూ భుజం మీది తువ్వాలు మూత మీద వేసి ఒక్క తిప్పు తిప్పాడు.

మరిగే నీళ్ళు ఎగజిమ్మి చేతుల మీదా, రొమ్ము మీదా పడ్డాయి. అరవటానికి ఆయనకు ఊపిరి అందలేదు. రెండడుగులు అటూ, రెండడుగులు ఇటూ వేసి, రోడ్డు మీద పొడుగ్గా పడున్న సలోమి నీడలోకి వచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కుక్కలు లేచి చోటిచ్చాయి.

"జరుగమ్మా," అంది చాంద్ బీ, ఆయనకి వినపడేట్టే. "ఎండలో పడుండనీ."

ఒక్క అడుగు పక్కకి వేస్తే చాలు. ఆ అడుగు వెయ్యాలని సలోమికి ఒళ్ళంతా ఉంది. ఆయన కాలుతుంటే చూడాలని కూడా ఉంది. అయినా జరగలేదు. ఎందుకో ఆమెకే తెలియదు, జాలి మాత్రం కాదు. పొద్దు వాలేకొద్దీ నీడ జరుగుతుంటే, చలమయ్య దానితోపాటే నేలమీద జరుగుతూ, నాలుగున్నరకి అంబులెన్సు వచ్చేదాకా అందులోనే ఉన్నాడు.

నరసరావుపేటలో కట్టు కట్టి పంపించారు. పుండు మానుతోంది గానీ మంట పోలేదు. ఏ మందు రాసినా రాత్రింబవళ్ళు నిప్పుల మీద పడుకున్నట్టే ఉందన్నాడు. గడువు ఇంకో వారం పొడిగించారు. ఆఫీసువాళ్ళు ఇంటికే కాగితం పంపిస్తామన్నారు.

నాలుగోరోజు శివనాగమ్మ షెడ్డుకి వచ్చింది.

"అమ్మాయ్, మా వాకిట్లోకొచ్చి రోజూ ఓ గంట నిలబడు. ఆయన తట్టుకోలేకపోతన్నాడు. ఆ రోజు నీ నీడలో ఉన్నంతసేపే మంట తెలియలేదంట."

సలోమి పనిలోంచి తల ఎత్తలేదు. "నేను నిలబడేది ఇక్కడే అత్తా. ఇది పీకేస్తే మా అక్క దగ్గరికి ముప్పాళ్ళ పోతా. నీడని వదిలిపెట్టి పోలేను గదా, అదీ నాతోనే వస్తది. ఆయన్ని సంతకం పెట్టుకోమను."

ఆ సాయంత్రమే చలమయ్య అర్జీ వాపసు తీసుకున్నాడు. తప్పయిందని అనలేదు, ఆమెకి కబురూ పెట్టలేదు. మర్నాడు మూడింటికి తనే ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి, చొక్కా గుండీలు విప్పి, ఆమె నీడలో వేసుకుని కూర్చున్నాడు. ఎవరివైపూ చూడలేదు. చాంద్ బీ సోడా ఇస్తే వద్దన్నాడు. అప్పట్నుంచి రోజూ వస్తున్నాడు.

సలోమి మెత్తబడలేదు. షెడ్డు ముందే ఉండిపోయిన ఆయన కారు రేడియేటర్ విప్పి, మూడు దోసిళ్ళ సున్నం గడ్డలు రాల్చి, అవన్నీ ఆయన కాళ్ళ దగ్గరే కుప్ప పోసింది. తర్వాత బిగించటానికి బండి ముందు వంగింది. వంగేసరికి నీడ కురచయిపోయి ఎండ ఆయన రొమ్ము మీద పడింది.

చలమయ్య పళ్ళు బిగబట్టి కాసేపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"సలోమీ... కాస్త ఇటు నిలబడమ్మా."

"బోల్టు బిగిస్తన్నా, ఆగండి," అంది సలోమి. ఇంకా మూడు బోల్టులున్నాయి. మూడూ బిగించాకే లేచింది.