వరండా క్లాసు హాజరు

మా బడిలో నూట పన్నెండు మంది పిల్లలు, ఒక్కరే సారు. ఐదు తరగతులకూ కలిపి ఒకటే గది, దాని ముందు వరండా. ఎనభై ఏడులో దుబ్బాక దగ్గర మా ఊరి బడి సంగతి ఇది. కాశీనాథం సారు పొద్దున బస్సుకు సిద్దిపేట నుంచి వచ్చేవాడు. మూడో తరగతికి ఎక్కం అప్పగించి ఐదో తరగతి వైపు తిరిగేసరికి ఒకటో తరగతి సగం రోడ్డు మీద ఉండేది.

అందుకే నేను నాలుగులోకి రాగానే సారు ఒకటో తరగతిని వరండాలో కూర్చోబెట్టి నాకు అప్పగించాడు.

"జ్ఞానేశ్వరీ, నీ హాజరు నేనే ఏస్త. నువ్వు గీ పోరగాండ్లను సూడు" అన్నాడు.

నాకు ఒక బెత్తం, సుద్దముక్క, చిన్న హాజరు పుస్తకం దొరికాయి. ముప్పై ఎనిమిది మంది పేర్లు గొంతు చించుకుని పిలిచేదాన్ని. పలకకుండా తల ఊపే కిష్టవ్వను నిలబెట్టేదాన్ని, పలక తలకిందులుగా పట్టుకున్నవాడి చెవి మెలిపెట్టేదాన్ని. ఊరంతా నన్ను చిన్న పంతులమ్మ అనేది. మా అవ్వ, అదే మా అమ్మ కొండవ్వ అయితే బోరింగు కాడ ఆ మాట రెండుసార్లు అనిపించుకోనిదే బిందె ఎత్తేది కాదు. ఆ రెండేళ్లంత గొప్పగా నేను మళ్లీ ఎప్పుడూ బతకలేదు.

ఐదో తరగతి చివర్లో సారు నన్ను గురుకులం ప్రవేశ పరీక్షకు సిద్దిపేట తీసుకుపోయాడు. బడి మొత్తంలో తెలివిగలది నేనేనని ఆయన నమ్మకం. నాదీ అదే నమ్మకం. పరీక్ష రాసి బయటికి రాగానే గేటు దగ్గర మిర్చి బజ్జీలు కొనిచ్చి అడిగాడు.

"భిన్నాల లెక్కలన్ని చేసినవా?"

"అవి మనకు చెప్పలే గద సారూ."

"చెప్పిన. దసరా ముంగట ఇరవై రోజులు చెప్పిన."

"గప్పుడు నేను వరండాల ఉన్న."

సారు చేతిలోని మిర్చి అలాగే ఉండిపోయింది. నాకు మాత్రం ఆ ప్రశ్నలు ఇచ్చినవాళ్ల మీద ఒళ్లు మండిపోయింది.

సీటు రాలేదు. ఊళ్లో చదువు ఐదుతో సరి. అవ్వ నన్ను రాట్నం ముందు కూర్చోబెట్టింది, బాపు నేసే మగ్గానికి దారం కండెలు చుట్టమని. బడి గంట వినిపించినప్పుడల్లా నా చేతిలో దారం తెగేది, అవ్వ తిట్టేది.

జూన్‌లో సారు మా ఇంటికి వచ్చాడు. బడికి విమలమ్మ అని రెండో టీచరు వచ్చిందని చెప్పి, గడప మీదే కూర్చుండిపోయాడు.

"కొండవ్వా, నీ బిడ్డను మల్ల అయిదుల కూసుండనియ్యి. గురుకులం పరీక్ష మల్ల రాపిస్త."

"ఫేలయిందా సారూ?" అవ్వ బెదిరిపోయింది. "పంతులమ్మ అయిన పిల్ల ఎట్ల ఫేలయితది?"

"అది ఫేల్ కాలే, నేనయిన. ఒక్కన్ని అందరికి సదువు చెప్పలేక సగం బరువు దాని నెత్తిన పెట్టిన. దాని సదువు నేనే ఆగం జేసిన."

అంతటి మనిషి మా గడప మీద కూర్చుని అలా అంటుంటే నాకు ఏడుపొచ్చింది. అవ్వ రాట్నం వైపు చూసింది.

"ఒక్క యేడు సారూ. గంతే" అంది.

మర్నాడు వరండాలో విమలమ్మ టీచరు ముందు, రెండో తరగతికి వచ్చిన నా పిల్లలు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి అలవాటుగా లేచి నిలబడ్డారు. వాళ్లను దాటి లోపలికి పోయి, నాకంటే చిన్నవాళ్ల మధ్య చాప మీద కూర్చున్నాను. సిగ్గుతో తల ఎత్తలేదు.

సారు హాజరు పిలుస్తున్నాడు. ఒక్కొక్కరే పలుకుతున్నారు.

"జ్ఞానేశ్వరి."

ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాడు. ఏ పిల్ల రాలేదో అని అందరితో పాటు నేనూ చుట్టూ చూశాను. రెండేళ్లుగా ఆ పుస్తకంలోంచి నన్ను ఎవరూ పిలవలేదు మరి.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, నా వైపే చూస్తూ మూడోసారి పిలిచాడు.

లేచి నిలబడి, "హాజర్ సార్" అన్నాను.