బెత్తెడు కుంగు

చుక్క.

మళ్ళీ చుక్క.

బండి ముందు చక్రం దగ్గర విప్పి, తలకిందులుగా ఆనించిన ఫోర్కు గొట్టంలోంచి పాత ఆయిలు బేసిన్‌లోకి కారుతోంది. నల్లగా, నీళ్ళలా పలచబడిపోయి, ఎండుచేపల కంపు కొడుతూ...

ఇంకెవరైనా అయితే ముక్కు మూసుకునేవాళ్ళు. ఆమెకు మాత్రం అది ఇంటి వాసన. అతని వాసన. ముక్కు దగ్గరే పెట్టుకుని కూర్చుంది, పిచ్చిది.

ఇంటి వెనక రేకుల షెడ్డు. మధ్యలో స్టాండు మీద అతని డర్ట్ బైకు, ముందు చక్రం విప్పేసి ఉంది. బండంతా కడిగింది కానీ మడ్గార్డు కింద మాత్రం ముట్టుకోలేదు. అక్కడ కిందటి వానల నాటి బురద ఎండి, బీటలు తీసి, ఇంకా పట్టుకునే ఉంది. వాగులు దాటి గుట్టలెక్కి అతను మోసుకొచ్చిన బురద. మగ్గు ఎత్తింది, దించేసింది.

అతను వెళ్ళిపోయి ఒక వేసవి గడిచింది. బట్టలు తీసుకెళ్ళాడు. గడ్డం గీసుకునే సామాను తీసుకెళ్ళాడు. చెప్పొద్దూ, దిండు కూడా తీసుకెళ్ళాడు.

బండి తీసుకెళ్ళలేదు.

అదే ఆమె ఆశ. చుట్టుపక్కల వాళ్ళు చెవులు కొరుక్కున్నా, అక్క ఫోన్ చేసి ఏడ్చినా, ఆమెది ఒకటే మాట — బండి ఇక్కడే ఉందిగా. దాన్ని వదిలి ఉండగలిగే మనిషా? బండి ఉన్నంతకాలం అతను పూర్తిగా వెళ్ళినట్టు కాదు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ అన్నం తింది, పడుకుంది, లేచింది.

ఈ పొద్దున మరిది వచ్చాడు. చంకలో అట్టపెట్టె, చూపు నేల మీద. అన్నయ్య కొత్త స్ప్రింగులు పంపాడని, సీళ్ళూ ఆయిలూ మార్చి ఇవి వేసి పెట్టమన్నాడని, ఆదివారం తనే వస్తాడని చెప్పాడు. ఇంకేదో చెప్పబోయి నీళ్ళు నమిలాడు.

ఆమె వింటేనా! 'తనే వస్తాడు' దగ్గరే ఆగిపోయింది. మెకానిక్కులు కరువయ్యారా ఏమన్నా? అయినా తన చేతికే పంపాడు. ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. గోళ్ళ సందుల్లో నలుపు. ఆదివారానికల్లా నిమ్మచెక్కతో రుద్దుకోవాలి అనుకుంది.

సస్పెన్షన్ పని, అంటే ఈ స్ప్రింగుల పని, అతనికి రాదు. నడపడం వచ్చు, ఎగరేయడం వచ్చు, విరగ్గొట్టుకురావడం బ్రహ్మాండంగా వచ్చు. విప్పడం, కడగడం, బిగించడం — ఇవన్నీ ఆమె పనులు. పెళ్ళైన కొత్తలో పక్కన కూర్చుని పానాలు అందించేది. చూసీ చూసీ, చివరికి అతన్నే పానాలు అందించమనే దాకా వచ్చింది.

అన్నింట్లోకీ ఇష్టమైన పని ఆఖర్న ఉండేది. కుంగు చూడడం.

మనిషి ఎక్కి కూర్చుంటే బండి కుంగాలి. వెనక బెత్తెడు మీద ఇంకో వేలి మందం. అంతకు తగ్గితే రాయి తగిలినప్పుడల్లా మనిషిని ఎగరేసి కొడుతుంది. మించితే గుంత రాగానే నేలకు కొట్టుకుంటుంది. ఎవరి బరువుకు వాళ్ళ స్ప్రింగులు. చూడడానికి ముగ్గురు కావాలి. అతను ఎక్కేవాడు. మరిది బండి పట్టుకునేవాడు. ఆమె కింద మోకాళ్ళ మీద కూర్చుని, ఇరుసు నుంచి మడ్గార్డు దాకా టేపు పెట్టి కొలిచేది.

"కుంగిందా?" అనేవాడు పైనుంచి.

"కుంగింది మహానుభావా, దిగండి" అనేది కిందనుంచి.

ఒకసారి తనూ ఎక్కింది. బండి కుంగనే లేదు. కాళ్ళు నేలకు అందలేదు. కొమ్మ మీద కూర్చోబెట్టిన పిల్లలా అలా వేలాడుతుంటే అన్నదమ్ములిద్దరూ పడీ పడీ నవ్వారు.

"నీ బరువుకి ఇది లొంగదే" అన్నాడు అతను. "నీకు వేరే స్ప్రింగులు వెయ్యాలి. వేద్దాంలే."

వేద్దాంలే.

సర్వీసు చేసినప్పుడల్లా అదే మాట. వేద్దాంలే. వచ్చేసారి వేద్దాంలే... కొన్నాళ్ళకు ఆమె అడగడం మానేసింది. అతను అనడం కూడా మానేశాడు.

పెట్టె విప్పింది.

ముందువి రెండు, వెనకది ఒకటి. పాతవాటి పక్కన నేల మీద పరిచింది. పాతవి కాస్త పొట్టివయ్యాయి. అన్నేళ్ళు అతన్ని మోశాయి మరి. కొత్తవాటి తీగ సన్నగా ఉంది. ఒకదాన్ని నేలకు ఆనించి రెండు చేతులా నొక్కింది. దిగింది. పాతవి ఆమె నొక్కితే ఏనాడూ దిగలేదు.

ఇవి అతని బరువుకు చాలవు. పొరపాటున తెచ్చాడా? ఈ విషయంలో పొరపడే మనిషి కాదు.

మరి?

చిక్కిపోయాడు!

ఎంత చిక్కితే ఇంత సన్నటి స్ప్రింగు... తిండి సయించడం లేదేమో. నిద్ర పట్టడం లేదేమో. నేను లేక... చేతుల నిండా ఆయిలు, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఏడుపు అడుగున చిన్న సంతోషం కూడా ఉంది. రాగానే కూర్చోబెట్టి కడుపునిండా పెట్టాలి. ఒక్క ప్రశ్న అడగకూడదు. ఒక్క దెప్పు దెప్పకూడదు.

షెడ్డు గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడ్డాడు మరిది.

"మీ అన్నయ్య బాగా చిక్కిపోయారా?" అని అడిగింది.

మరిది గ్లాసులోకి చూశాడు. అందులో టీ ఎప్పుడో అయిపోయింది.

"చిక్కలేదు వదినా."

చుక్క.

బేసిన్‌లో పడ్డ చప్పుడు షెడ్డంతా వినిపించింది.

మిగతాది మరిది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అన్నయ్య ఎవరితో ఉండడానికి వెళ్ళాడో ఆ ఇంకొకామె బండి నేర్చుకుంటానందట. అన్నయ్య తనకు వేరే బండి చూసుకున్నాడట. ఇది ఆమెకట. ఆదివారం వచ్చేది తీసుకెళ్ళడానికట.

అడిగిందట. అడగ్గానే స్ప్రింగులు కొన్నాడట.

వేద్దాంలే అనలేదు.

ఆమె ఏడవలేదు. ఉన్న ఏడుపు ఇందాకే అయిపోయింది, అతను చిక్కిపోయాడని. ఎవరి కోసం ఏడ్చిందో తలుచుకుంటే చచ్చేంత సిగ్గేసింది.

మరిది పెట్టె అందుకోబోయాడు. బయటెక్కడైనా వేయిస్తానన్నాడు. ఆమె ఇవ్వలేదు. విప్పిన బండిని విప్పినట్టు వదిలేయడం ఆమెకు చేతకాదు.

ఆ ఇంకొకామె బరువెంత ఉంటుందని అడిగింది. అది తెలియకుండా ఎలా బిగించడం?

మరిది ఖాళీ గ్లాసు కింద పెట్టాడు.

"నీ అంతే ఉంటుంది వదినా."

నా అంతే... నా అంతే అనుకుంటూ పని చేసింది. గొట్టం కొసకు ప్లాస్టిక్ కవరు తొడిగి, గ్రీజు రాసి, ఆయిలు కారకుండా ఆపే కొత్త సీలును అంచు చిట్లకుండా దించింది. ఆయిలు పోస్తుంటే చెయ్యి ఆగింది. కాస్త తక్కువ పోస్తే? ఎవరికీ తెలియదు. మొదటి గుంతకే ముందుభాగం ధబీమని కుదేలవుతుంది. కసి లేదా అంటే ఉంది, గొంతు దాకా ఉంది. కానీ చెయ్యి ఒప్పుకోలేదు. గీత దాకా పోసింది. వెనక స్ప్రింగూ మార్చింది. చక్రం ఎక్కించింది. చివరికి మగ్గు తీసుకుని మడ్గార్డు కింద బురద కూడా కడిగేసింది. అది ఒక్క మగ్గుకే కరిగి, ఎర్రగా, గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

ఇక కుంగు చూడాలి.

ముగ్గురు కావాలి, ఇద్దరే ఉన్నారు. బండిని స్టాండు దించి, ఒక పక్క గోడకు ఆనించారు. మరిది టేపు తీసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

ఆమె ఎక్కింది.

బండి కిందకు దిగింది. మెత్తగా. ఏళ్ళుగా ఎరిగున్నదానిలా. రెండు పాదాలూ నేలకు ఆనాయి. చల్లగా, తడిగా, నేల... ఎదురుగా షెడ్డు తలుపు తెరిచి ఉంది. దాని అవతల గేటు. గేటు అవతల ఎండలో దారి.

హ్యాండిలు పట్టుకుంది. సరిగ్గా చేతులకు అందింది.

"కుంగిందా?" అని అడిగింది పైనుంచి.

మరిది ఇరుసు నుంచి మడ్గార్డు దాకా టేపు లాగాడు.

"కుంగింది వదినా" అన్నాడు మరిది. టేపు చుట్టేశాడు. "దిగు."

ఆమె దిగలేదు.

మూలన బేసిన్ మీద వంచి పెట్టిన ఖాళీ ఆయిలు డబ్బా మూతి నుంచి చివరి బొట్టు ఒకటి సాగుతోంది. సాగి, సాగి... ఇంకా పడలేదు.