నిమ్మకాయ నలగని బండి

నేనొక బండిని. చక్రాలు లేవు కాబట్టి మీలో కొందరు ఒప్పుకోకపోవచ్చు. ముందు మంచు మీద జారే రెండు స్కీ పలకలు, పొట్ట కింద చాపంత వెడల్పున ఒక రబ్బరు ట్రాక్, అవే నా కాళ్లు. లోతు మంచులో బరువులు లాగడానికి పుట్టాను. అందం కోసం పుట్టలేదు. ఆ ముక్క నన్ను చూసిన ప్రతివాడూ మొహం మీదే అన్నాడు.

చలిదేశపు ఫ్యాక్టరీలో బిగించి ఓడెక్కించారు. ఇక్కడి రేవులో దిగేసరికి ఎండకి నా సీటు పెనంలా కాలిపోయింది. మొదట కొండమీది హోటలువాడు కొని టూరిస్టుల పెట్టెలు మోయించాడు. వాళ్లు పెట్టెలు నా మీద పెట్టి, ఫోటోలు మాత్రం పక్కనున్న సన్నటి బండి దగ్గర దిగేవాళ్లు. హోటలు మూతపడ్డాక హిమాలయాల్లో సొరంగం తవ్వుతున్న ఒక కంపెనీ క్యాంపుకి చేరాను.

కొండకి రెండువైపుల నుంచీ తవ్వకం. చలికాలం రోడ్డు మూసుకుపోతే అవతలివైపు సొరంగం ముఖం దగ్గరున్నవాళ్లకి బియ్యం, కిరోసిన్ మంచు మీదుగానే పోవాలి. అందుకని మేనేజరు కోదండపాణి గారు రెండు బళ్లు తెప్పించారు. నేనూ, ఒక పసుపుపచ్చ బండీ. ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని వెనక్కి పంపేస్తారట. పరీక్ష క్యాంపు వాకిట్లో పెట్టారు. వందమంది బూట్లకింద సిమెంటులా గట్టిపడ్డ మంచు అది. పసుపుది బాణంలా పోయింది. నేను దున్నపోతులా కదిలాను.

తర్వాత పూజ. పనివాళ్లంతా శ్రీకాకుళంవాళ్లు. బండి ఏదైనా నిమ్మకాయ తొక్కించందే ఎక్కరు. డ్రైవరు దాలయ్య కాయలు పట్టుకుని మా చుట్టూ తిరుగుతున్నాడు. అతని చెల్లెలి మొగుడు గురువులు, వంటవాడు, నవ్వడం మొదలుపెట్టాడు.

"సక్రమే నేదు, కాయ ఎక్కడెడతావు బావా? నీ నెత్తి మీదా?"

"ముందు నీ నోరు తెచ్చి ట్రాకు కింద ఎట్టు. ఊరికి పీడ పోద్ది."

పసుపు బండి కింద కాయ చిట్లి రసం చిమ్మింది. అందరూ చప్పట్లు కొట్టారు. వాకిట్లో చోటు లేక నన్ను అంచున, మెత్తటి మంచులో నిలబెట్టారు. నేను కదిలి వెళ్లాక చూస్తే కాయ చెక్కు చెదరకుండా మంచులో కూర్చునుంది.

"ఏటి బావా, నలగనేదు!" గురువులు నవ్వు ఆగిపోయింది. "కాయ తిననేదంటే ఇది మనిసిని తినీసే బండి. ఒద్దు, అంపీమను."

నా బరువంతా చాపలా పరుచుకుంటే కాయ ఎలా నలుగుతుంది? లోతు మంచులో దిగబడని బండి కావాలనే కదా వాళ్లు వెతికింది. చెప్పడానికి నాకు నోరు లేదు. చదువుకున్న కోదండపాణి గారికి నోరుంది గానీ, ఆయన కూడా నిమ్మకాయ వైపు ఒకసారి చూసి, నన్ను షెడ్డులోకి తోయించేశారు. వెనక్కి పంపేలోగా రోడ్డు మూసుకుపోయింది.

గురువులు వంతు మీద అవతలి క్యాంపుకి వెళ్లిన వారంలో మంచు ఆగకుండా కురిసింది. తెరిపిచ్చిన పొద్దున వైర్‌లెస్సులో అతని గొంతు వినబడింది.

"బావా, కిరసనాయిలు డ్రమ్ము అడుగు గీరుతన్నాం. ఈ పూట దాటితే గదిలో పొయ్యి ఆరిపోద్ది. ఇక్కడ సలి ఎలగుందో నీకు తెలుసు గదా."

ఆ మాటల్లో వేళాకోళం లేదు. అదే దాలయ్యని భయపెట్టింది. పసుపు బండి వెనక మంచు మీద ఈడ్చే స్లెడ్డు కట్టి, డ్రమ్ములెక్కించి బయల్దేరాడు. మొదటి మలుపు దాటగానే అది గుంట తవ్వుకుని అందులోనే కూలబడింది. దాలయ్య నడుముల్లోతు మంచులో షెడ్డుకి నడిచొచ్చి నా ముందు నిలబడ్డాడు.

"అమ్మా తల్లీ, నలగని కాయ సంగతి తర్వాత సూద్దుము. ఇయ్యాల మాత్రం మమ్మల్ని ముంచీకు."

తల్లినో దెయ్యాన్నో, కదిలాను. మలుపు దగ్గర ఆగిపోయిన స్లెడ్డుని విప్పి నాకు కట్టాడు. అది నా నడుముని వెనక్కి లాగుతుంటే, పొడిమంచు మీద తేలుతూ కనుమ ఎక్కాను. దాలయ్య వేళ్లు హ్యాండిల్‌కి అతుక్కుపోయాయి. దారి పొడుగునా గురువుల్ని తిడుతూనే ఉన్నాడు. తిట్లు ఆపితే ఏడుపొస్తుందని నాకు తెలిసిపోయింది.

అవతల గురువులు కంబళి కప్పుకుని బయటికొచ్చాడు. పెదాలు నల్లబడ్డాయి.

"ఆ కాయ నలగని బండి మీదొచ్చినావేటి? బుర్రుందా నీకు?"

"నా సెల్లెలి మొగం సూసి వొచ్చినాను. నీ మొగానికి ఎవుడొస్తాడు!"

పొయ్యి రాజుకునేలోపు వాళ్లంతా నా చుట్టూ చేరారు. ఇంజను వేడికి కాలిన నా మూత మీద అరచేతులు ఆనించి నిలబడ్డారు. అంతమంది చేతులు ఒక్కసారి నన్ను ముట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ తర్వాత ఎన్ని చలికాలాలు లాగానో. నేను మోసిన బియ్యం తిని, నేను మోసిన కిరోసిన్‌తో చలి కాచుకుని ఆ మనుషులు తవ్వుతూనే పోయారు. ఒకరోజు కొండ రెండువైపులా కలిసిపోయింది. లారీలు లోపలి నుంచి పోవడం మొదలయ్యాక మంచు మీద నడిచే బండితో ఎవరికేం పని? ట్రాక్ తెగింది, కొత్తది ఎవరూ అడగలేదు. దాలయ్య, గురువులు మరో కొండకి వెళ్లిపోయారు. వెళ్లేముందు చెప్పి వెళ్తారనుకున్నాను. బస్సుకి టైమైపోయిందట.

సొరంగం ముఖానికి కాస్త పైన రేకుల షెడ్డులో ఉన్నాను. చలికాలం మంచు కిటికీదాకా పేరుకుంటుంది. కింద కొండలోంచి బరువు లారీ పోయినప్పుడల్లా నేల సన్నగా అదురుతుంది. ఆ అదురు స్కీల గుండా నా ఒంట్లోకి పాకుతుంది. ఒక్క క్షణం, కదిలాననుకుంటాను.