కోత పండుగకు ఏ పెట్ట?

ఆరాధన ముగిసే వేళ పాస్టరుగారు, "వచ్చే ఆదివారమే కోత పండుగ. దేవునికి మొక్కుకున్నవి ఎవరూ మరిచిపోవద్దు" అని ప్రకటించగానే చర్చిలో అందరూ తలలూపారు. ఏలీయా మాత్రం సగం ఊపి ఆగిపోయాడు. మొక్కుకున్నది కోడిపెట్ట అని అతనికి తెలుసు. ఏ పెట్టో తెలియదు.

మొక్కుకున్నది అతని భార్య ఎల్సీ. వానలు మొదలైన రోజుల్లో, ఆసుపత్రి మంచం మీద మందుల మగతలో, "కోత పండుగకు పెట్టను ఇయ్యి. మరువకు. ఈసారి మన గూట్లదే ఇయ్యి" అంది. అతను సరేనన్నాడు. ఏదని అడగలేదు. ఇంటికొచ్చాక తనే చూపిస్తుందిలే అనుకున్నాడు. ఆమె ఇంటికి వచ్చింది గానీ, చూపించే స్థితిలో రాలేదు.

బీరంగూడలో వాళ్ల ఇంటి పెరడు పెద్దదేం కాదు. ఓ జామచెట్టు, చెక్కలతో కొట్టిన గూడు, ఏడెనిమిది కోళ్లు. ఏలీయా బీయస్సీ చదివి, ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఒకే అచ్చులో పోసిన రెండు ఇనప ముక్కల్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టుకునేవాడు. ఈ కోళ్ల దగ్గర మాత్రం ఆ కళ్లు చేతులెత్తేశాయి. నీడలో నల్లగా ఉన్నది ఎండలోకి రాగానే ఆకుపచ్చగా మెరుస్తుంది. నిన్న కుంటింది ఏదో ఇవాళ తేలదు. తెగులు రాకుండా కళ్లలో మందు చుక్కలు వేసిన రోజున ఒకే పెట్టకు రెండుసార్లు వేశానేమోనని అతనికి ఇప్పటికీ అనుమానం. గూటి కిందకు దూరిన ఒకటి, ఆ రోజంతా అతని వైపు అదోలా చూస్తూ కూర్చుంది.

ఒక్కదాన్ని మాత్రం గుర్తుపట్టగలడు. పెరటి అరుగు మీద అతని పాత పసుపుపచ్చ ఫ్యాక్టరీ హెల్మెట్ వెల్లకిలా ఉండేది, అందులో మేకులూ తీగముక్కలూ వేసేవాడు. ఎల్సీ పోయిన కొన్నాళ్లకు, గుడ్లు పెట్టే గంపలన్నీ వదిలేసి ఒక గోధుమరంగు పెట్ట వచ్చి అందులో కూర్చోవడం మొదలుపెట్టింది. అతను మేకులు తీసేసి గడ్డి పరిచాడు. పొద్దున్నే అందులో గుడ్డు ఉండేది. ఆ వెచ్చని గుడ్డు అరచేతిలోకి తీసుకుంటే, ఇంట్లో ఎవరో పలకరించినట్టు ఉండేది.

అసలు భయం ఇంకొకటి ఉంది. ఎల్సీ పోయాక చేసిన ఆదరణ కూడిక నాడు వచ్చిన చుట్టాల కోసం బావమరిది రెండు పెట్టలను కోయించాడు. దేవుడి పెట్ట ఆ పులుసులోనే పోయి ఉంటే?

సోమవారం పొద్దున పక్కింటి అన్నపూర్ణ గోడ మీద నుంచి తొంగిచూసింది. ఆమె భర్త కూడా అదే ఫ్యాక్టరీ. ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు.

"అన్నయ్యగారూ, మీ కోళ్లు మళ్లీ మా కనకాంబరాలు గోకేశాయండీ."

"తడక కట్టిస్త అమ్మా, ఏమనుకోకు. ఒక్క మాట అడగాలె. ఎల్సీ ఏ పెట్టను దేవునికని పెట్టిందో నీకేమన్న చెప్పిందా?"

"అయ్యో, నాకు తెలియకపోవడమేంటండీ! ఆ నల్లదే. మా అల్లుడొచ్చినప్పుడు కొనుక్కుంటానని అడిగాను. అది దేవుడిదమ్మా, ఇయ్యరాదు అన్నారు వదినగారు."

ఏలీయాకు గుండె మీద నుంచి బండ దింపినట్టయింది. పెరడంతా పరుగెత్తి నల్లపెట్టను పట్టి, కాలికి తెల్లదారం కట్టాడు.

సాయంత్రం ఆకుకూరల గంపతో ముత్యమ్మ వచ్చింది. కూరలు అమ్మి, గుడ్లు కొనుక్కుపోతుంది. రాగానే దారం ఆమె కంట పడింది.

"గా నల్లదానికి దారమేంది సారూ? దిష్టా?"

"కోత పండుగకు అదే."

"ఎవలన్నరు? అది కాదు సారూ, ఎర్రది! బోనాలప్పుడు నేనే అడిగిన. ముత్యమ్మా, గది దేవునికి ఇచ్చిన పెట్ట అన్నది. మా తల్లి దేవత కాదా అన్న. నవ్వింది గని ఇయ్యలే."

ఏలీయా ఎర్రదానికీ దారం కట్టాడు. ఆ రాత్రి కూతురు సిల్వియాకు ఫోన్ చేశాడు.

"ఏ పెట్ట ఏంది డాడీ, మెడ మీద ఈకలు లేకుండ బోడిగ ఉంటది చూడు, అది. నేను బాలింతగా ఉన్నప్పుడు దాన్ని కోసి చారు పెట్టమంటే మమ్మీ ఒప్పుకోలే. దేవునిదన్నది. నాకు బజార్ల కోడి తెచ్చి పెట్టింది."

మూడో దారం కూడా పడింది. మరుసటి రోజు దారాలతో తిరుగుతున్న మూడు పెట్టలను చూస్తూ ఏలీయా అరుగు మీద కూలబడ్డాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పేవాళ్లు కాదు. ఎల్సీ అసలే కాదు.

కూరలు అమ్మడానికి వచ్చిన ముత్యమ్మ, గోడ అవతల కొత్తిమీర బేరమాడుతున్న అన్నపూర్ణ, ఇద్దరూ ఆ దారాలు చూశారు.

"నల్లదేనండీ, నా చెవులారా విన్నాను."

"నీ చెవులకేం తెలుసమ్మా, నాకు నోటితోని చెప్పింది, ఎర్రదని."

"ఆగుండ్రి" అన్నాడు ఏలీయా. "మీరిద్దరు పెట్టను ఇయ్యమని అడిగినప్పుడే గదా ఎల్సీ అట్ల చెప్పింది? సిల్వియా గూడ కోసుకుందామని అడిగినప్పుడే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు అన్నపూర్ణకు నవ్వొచ్చింది. "అడిగిన వాళ్లందరికీ అదే మాటన్నమాట! వదినగారు ఎంత పని చేశారండీ."

"మరి ప్రతి ఏడు నేనే స్కూటర్ మీద పెట్టను పట్టుకపోయిన గదా చర్చికి. అదేంది?"

ముత్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కోపం చెయ్యకు సారూ. పటాన్‌చెరు అంగడిల నేనే కొనుకొచ్చేది. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టింది. ఈసారి గూడ తెమ్మంటే తెస్త, గింత పరేషాన్ ఎందుకు?"

ఏలీయాకు నవ్వాలో బాధపడాలో అర్థం కాలేదు. ఇన్నేళ్లూ తన వెనక సీటు మీద సంచిలోంచి తల బయటపెట్టి చర్చికి వచ్చినవి ఏనాడూ ఈ పెరటి నీళ్లు తాగలేదు. దేవుడికి తెలిసే ఉంటుంది. తనకే తెలియలేదు. తేవే తల్లీ అనబోయాడు. అంగడి పెట్ట వస్తే అన్నీ తేలికైపోతాయి. అంతలో ఆసుపత్రి మాట గుర్తొచ్చింది. ఈసారి మన గూట్లదే ఇయ్యి. అప్పుడు మగతలో మాట అనుకున్నాడు. కాదు, ఆమె పూర్తిగా తెలిసే అంది.

"అంగడిది వద్దు ముత్యమ్మా. ఈసారి ఇక్కడిదే ఇయ్యమన్నది."

"ఇయ్యి మరి. ఇన్ని ఉన్నయి." ముత్యమ్మ అరుగు వైపు చూసి నవ్వింది. "గీ టోపీల కూసున్నదాన్ని నాకియ్యి, మనుమనికి కూరొండుత. మిగిలినయిట్ల ఒకటి దేవునికి ఇచ్చుకో."

"అది అడగకు. అది దేవునిది."

మాట నోరు దాటిపోయింది. అన్నపూర్ణ నవ్వు ఆపేసింది. ముత్యమ్మ కూరల గంప ఎత్తుకుంది. హెల్మెట్‌లో పెట్ట ఓ కన్ను మూసుకుని, ఇంకో కన్నుతో ఏలీయాను చూసింది.

ఆ వారమంతా అతను ఆ మాటను వెనక్కి తీసుకునే దారి వెతికాడు. తొందరలో అన్న మాట, లెక్కలోకి రాదనుకున్నాడు. మరి ఎల్సీ అన్న మాటలు లెక్కలోకి వస్తాయా? రాకపోతే చివర్లో ఆమెకు ఆ దిగులెందుకు? ఎంత తిప్పి చూసినా ముడి విడలేదు. శనివారం సాయంత్రం మూడు పెట్టల కాళ్ల నుంచీ దారాలు కోసేశాడు.

ఆదివారం పొద్దున గోధుమరంగు పెట్ట గుడ్డు పెట్టేదాకా అరుగు పక్కన నిలబడ్డాడు. అది లేచి దులుపుకున్నాక, పరుగెత్తించే పని లేకుండానే చేతికి దొరికింది. సంచిలో పెట్టి, తల బయటికి ఉంచి, స్కూటర్ మీద నెమ్మదిగా తీసుకెళ్లాడు.

ఆరాధన అయ్యాక గుమ్మడికాయలు, వడ్లు, అరటిగెల తర్వాత దాని వేలంపాట వచ్చింది. ఏలీయా చివరి వరుసలో కూర్చున్నాడు. పాట పాడలేదు. రుద్రారం నుంచి వచ్చిన ఓ పంతులమ్మ దాన్ని దక్కించుకుంది. కోయడానికా, పెంచడానికా? అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఆమె మాత్రం చెట్టు కిందకు వెళ్లి, దాని కాళ్ల కట్టు విప్పి, నీళ్ల సీసా మూతలో నీళ్లు పోసి తాగించింది. అంతవరకు చూసి అతను బండి తీశాడు.

ఇంటికొచ్చేసరికి పొద్దుటి గుడ్డు హెల్మెట్‌లోనే ఉంది. తీయబోయి ఆగాడు. గంపలో ఎప్పుడూ ఒక గుడ్డు వదిలేసేది ఎల్సీ, లేకపోతే కోళ్లు చోటు మార్చేస్తాయని. అతను ఇన్నాళ్లూ ఒక్కటీ మిగల్చకుండా ఏరుకున్నాడు. మరి ఆ గోధుమరంగుది చోటు మార్చకుండా రోజూ అక్కడికే ఎందుకు వచ్చిందో!

గుడ్డును అలాగే వదిలేశాడు. మర్నాడు టీ తాగుతుంటే ఏదో పెట్ట అరుగెక్కి, హెల్మెట్ చుట్టూ రెండుసార్లు తిరిగి, మెడ వంచి లోపలికి చూసింది. తర్వాత ఈకలు సర్దుకుంటూ అందులో కూర్చుంది.

ఏ పెట్టో ఏలీయాకు తెలియలేదు. కళ్లజోడు కోసం లోపలికి వెళ్తే బెదురుతుందేమోనని, గ్లాసు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.