మబ్బు లేని రోజు వరద

సీమలో ఏరు దాటేవాడు నీళ్ల వంక కాదు, ఆకాశం వంక చూస్తాడు. పెన్న గానీ పాపాగ్ని గానీ, ఏడాదిలో పది నెలలు ఇసుకే. ఆ ఇసుక మీదికి నీళ్లొచ్చేది పైన ఎక్కడో వాన పడితేనే. లింగాల గంగులయ్య మూడొందల గొర్రెలను తోలుకుని గండి దగ్గర ఏటికి వస్తే, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ముందు ఏరు పుట్టిన దిక్కు చూసేవాడు. అటు మబ్బు లేకపోతేనే మంద దిగేది. ఆయన బతికినన్నాళ్లూ ఒక్క గొర్రె ఏటిపాలు కాలేదు. మనవడు ప్రతాప్‌కు ఆస్తిపాస్తులేమీ ఇవ్వలేదు గానీ ఈ చూపు మాత్రం ఇచ్చి పోయాడు.

ఆ చూపే అన్సర్ ప్రాణం తీసింది.

ప్రతాప్, జమ్మలమడుగు అన్సర్ కలిసి గండికోట లోయలో తాళ్లు కట్టి బండలెక్కడం నేర్పేవాళ్లు. పోయిన జూన్‌లో పన్నెండు మందిని వెంటబెట్టుకుని హిమాలయాలకు పోయారు. మంచు శిఖరం కింద ఒక ఏరు దాటాలి. అక్కడి గైడు ముసలాయన, పొద్దున ఏడులోపలే దాటాలని, ఆలస్యమైతే ఆ రాత్రికి ఇవతలి ఒడ్డునే ఆగాలని ఒకటికి పదిసార్లు చెప్పి, అందరినీ తీసుకుని ముందే దాటిపోయాడు. రాత్రి మంచుకు తడిసిన గుడారాలు ఎండబెట్టి, మూటగట్టుకుని వెనక బయల్దేరిన వీళ్లిద్దరూ ఏటి దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది.

అన్సర్ ఆగాడు. ఆయప్ప రేపు పొద్దున దాటమన్నాడు గదా అన్నాడు. ప్రతాప్ తాతలాగే కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఏరు పుట్టిన దిక్కు చూశాడు. శిఖరం ఎండలో తెల్లగా మెరుస్తోంది. ఆకాశం కడిగినట్టుంది.

"యాడన్నా మబ్బు తునక చూపీ, ఆగుదాం," అని నవ్వాడు.

అన్సర్ కూడా తలెత్తి చూశాడు. చూపించడానికి మబ్బు లేదు. మూట భుజానేసుకుని ముందు తనే దిగాడు. నడుమకు పోయేసరికి మోకాటి లోతు నీళ్లు నడుం దాకా వచ్చాయి. ప్రతాప్ తాడు విసిరేలోపల మనిషి లేడు. మూడోరోజు నాలుగు మైళ్ల దిగువన దొరికాడు.

శవపెట్టెతో ఊరికి వచ్చినప్పుడు ఎవరో అడిగారు, పైన పెద్ద వాన పడిందా అని. ప్రతాప్ తల ఊపలేదు, కాదనీ అనలేదు. అడిగినవాడు అవుననే అనుకున్నాడు. సాయంత్రానికి జమ్మలమడుగంతా నోటి నోటా వానే పడింది. నిజం చెప్పడానికి ఒక్క నిమిషం చాలు, ఆ నిమిషం దాటితే ఏడాదైనా చాలదు. ప్రతాప్ మింగలేక కక్కలేక ఆ ఏడాది గడిపాడు.

అన్సర్ తల్లి మస్తానమ్మ దూది ఏకి పరుపులు కుడుతుంది. వాన కోసం ఊరూరా మొక్కులు మొక్కే సీమలో, చినుకు పడితే తలుపేసుకుని శాపనార్థాలు పెట్టేది ఆమె ఒక్కతే. ప్రతాప్ నెలకోసారి పోయి కూర్చుంటే, కొడుకును మింగింది వానే గానీ నువ్వేం చేస్తావులే అని అతన్నే ఓదార్చేది. ఆ ఓదార్పు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలేది.

ఈ మేలో మళ్లీ పద్నాలుగు మంది జట్టు అక్కడికే బయల్దేరుతోంది. ప్రొద్దుటూరు బట్టల కొట్టువాళ్ల అమ్మాయి తనూజ అందరికీ ధైర్యం చెబుతోంది: ఈసారి వానలు మొదలు కాకముందే పోతున్నాం, అన్సర్ అన్నకు జరిగింది మనకు జరగదు. పక్కనే తాళ్లు చుడుతున్న ప్రతాప్ ఆ మాట విన్నాడు. తన అబద్ధం అప్పటికే ఆ పద్నాలుగు మందిని ఏటి ఒడ్డుకు తెచ్చి నిలబెట్టింది.

పని మధ్యలో వదిలేసి జమ్మలమడుగు పోయాడు. మస్తానమ్మ దిండులోకి దూది కూరుతోంది. ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"మా, ఆ పొద్దు వాన పళ్లేదు. పైన కొండ నిండా మంచు. పొద్దెక్కే కొద్దీ ఎండకు కరిగి, మధ్యాన్నానికి ఏరు పొంగుతాది. నాకు తెలీలే. వాడు రేపు దాటుదామన్నాడు. నేనే దిగమంటి. రేపు పొద్దున గండికోటలో కొత్త జట్టుకు ఇదే చెప్తా."

ఆమె దిండులోంచి చెయ్యి బయటికి తీసింది. తిడుతుందనుకున్నాడు, కొడుతుందని ఆశపడ్డాడు కూడా.

"వాడు వద్దన్న్యాడా?" అంది.

"అన్న్యాడు మా."

"పెన్న ఒడ్డున పుట్టినోడు పొంగే ఏట్లో ఎట్ల దిగినాడ్రా, బుద్ధి లేదా అని, ఏడాది నుంచి సచ్చినోన్ని తిట్టుకుంటాండా." కొంగుతో మొహం తుడుచుకుంది. కళ్లు మాత్రం అతని మీదే ఉన్నాయి. "ఇంగ లేసి పో."

ప్రతాప్ లేచి వచ్చేశాడు. ఆ రాత్రి కునుకు పట్టలేదు.

మరుసటి రోజు పొద్దున గండికోటలో జట్టునంతా బండ మీద కూర్చోబెట్టి మొదలుపెట్టాడు. మంచు ఏరు ఎండకు పొంగుతుందని, మబ్బు లేని మధ్యాహ్నమే దానికి వరదకాలమని, గైడు ఏడు గంటలంటే ఏడు గంటలేనని చెప్పాడు. ఇక్కడి లెక్క అక్కడ పనికిరాదన్నాడు. తర్వాత అన్సర్ పేరెత్తాడు. ఏటి ఒడ్డు దాకా వచ్చి ఆపేశాడు. ఇంత చాల్లే, జాగ్రత్త తెలిసింది గదా అని మనసు వెనక్కి లాగింది. జట్టు కూడా పాపం అన్నట్టు తలలు దించుకుంది.

అందరి వెనక నుంచి ఒక ఆడమనిషి లేచి నిలబడింది. మొదటి బస్సుకే వచ్చినట్టుంది, చెప్పుల నిండా దుమ్ము.

"నా కొడుకు వద్దన్న్యాడు," అంది మస్తానమ్మ. "అదీ చెప్పప్పా."

ప్రతాప్ చెప్పాడు.