చెప్పులు కుట్టే ఊరు

1975 జనవరిలో నంద్యాల స్టేషన్లో రైలు దిగేసరికి లూదియాకు ఇరవై తొమ్మిదేళ్లు. తండ్రి యేసురత్నం ఆళ్లగడ్డ నుంచి తొలి బస్సుకే వచ్చి ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నాడు. ఏడేళ్ల పిల్లను ఇదే స్టేషన్లో రైలెక్కించి పంపాడు. ఇప్పుడు దిగిన ఉన్నికోటు మనిషిని చూసి ఎవరో దొరసాని అనుకున్నాడు. ఆమె నాలుగడుగులు వేశాక, ఎడమకాలు కొద్దిగా ఈడ్వడం కనిపించింది. "నా బిడ్డే" అని అక్కడే కూలబడ్డాడు.

ఆ కాలు కోసమే ఆమెను పంపింది. తల్లి చిన్నప్పుడే పోయింది. ఆరో ఏట జ్వరం తగిలి కాలు చచ్చుబడింది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన హార్ట్‌లీ మిస్సమ్మ పని మానుకుని ఇంగ్లండు వెళ్లిపోతూ, పిల్లను తనతో తీసుకెళ్లి వైద్యం చేయిస్తానంది. పదిహేనేళ్లు రాగానే పంపిస్తానని మాటిచ్చింది. చెప్పులు కుట్టుకుని బతికే యేసురత్నం, బిడ్డ నడిస్తే చాలనుకున్నాడు.

మిస్సమ్మది నార్తాంప్టన్. మూడు ఆపరేషన్లు అయ్యాక లూదియా ఆ ఊరి వీధుల్లోనే నడక నేర్చింది, ఆ ఊరి బడిలోనే చదివింది. పదిహేనేళ్లకు బూట్ల ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందు కూర్చుంది. పద్నాలుగేళ్లు అదే మిషను. మిస్సమ్మ చనిపోయిన మూడు నెలలకు, ఆళ్లగడ్డ పాస్టరు సంజీవయ్య దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. మీ నాయన ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్నాడు, ఒకసారి వచ్చి చూసిపో అని రాశాడాయన. ఫ్యాక్టరీలో మూడు నెలలు సెలవు పెట్టి వచ్చింది.

తెలుగు పూర్తిగా మరిచిపోయాననుకుంది. కానీ అది వారం పదిరోజుల్లో ఒక్కొక్క మాటగా పైకి తేలింది. అయితే తేలింది ఏడేళ్ల పిల్ల తెలుగు. "నాయనా, బువ్వ పెట్టు" అని అంత మనిషి అడిగేసరికి యేసురత్నం నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు తెర వచ్చింది.

మధ్యాహ్నాలు చూరు కింద కూర్చుని అతను తోలు కోసేవాడు. ఆమె పక్కన కూర్చునేది.

"ఆ ఊర్లో ఏం జేస్తాంటివి పాపా? చెప్పు."

"బూట్లు కుడతాంటి నాయనా. ఆ ఊర్లో అందరూ అదే పని."

"అందరూనా?"

ఆమె చెప్పింది. పొద్దున ఏడున్నరకు ఫ్యాక్టరీ కూత వేస్తే వీధి నిండా సైకిళ్లే. ఇళ్ల వరసకు ఒక ఫ్యాక్టరీ. వాన పడిన రోజు ఊరంతా తోలు వాసన. ఆ వాసన మోసుకునే అందరూ బస్సుల్లో పక్కపక్కన కూర్చుంటారు. ఊరి ఫుట్‌బాల్ జట్టును జనం ముద్దుగా పిలుచుకునే పేరే 'చెప్పులు కుట్టేవాళ్లు'. శనివారం వేలమంది ఆ పేరు అరుస్తారు.

యేసురత్నం చేతిలో పని ఆగిపోయింది. "తిట్టేదానికా?"

"కాదు నాయనా. గెలవాలని."

హోటల్లో తనకు వేరే గ్లాసు పెట్టే ఊళ్లో అరవై ఏళ్లు బతికాడతను. "ఇంగోసారి చెప్పు" అన్నాడు.

ఆ రోజు నుంచి అతనికి అదే ధ్యాస. వీధుల పేర్లు నేర్చుకున్నాడు. మిషను పక్కన కూర్చునే డోరీన్ ఎలా నవ్వుతుందో అడిగాడు. మంచు పడితే కాలు జారలేదా అని ఇరవై ఏళ్ల తర్వాత భయపడ్డాడు. చెబుతూ చెబుతూ ఒకరోజు లూదియా నోరు జారింది. "అమ్మ నాకు ఎర్ర టోపీ అల్లింది" అంది.

"ఎవురు?"

"మిస్సమ్మ."

"ఊఁ" అని తలవంచుకుని ఆరెతో తోలుకు బెజ్జం పొడిచాడు. మరునాడు ట్రంకుపెట్టెలోంచి ఒక ఉత్తరం తీసి ఆమె చేతిలో పెట్టాడు. పదిహేనేళ్లప్పుడు ఆమె ఇంగ్లీషులో రాసింది.

"అప్పుడు సంజీవయ్య అయ్యగారు చదివి చెప్పినాడు. కాలు ఇంగా బాగు కాలేదు, అయినాక వస్తానని రాసినావంట. నీ నోటితో వినాల."

కాగితం మీద తన దస్తూరీనే లూదియా చదువుకుంది. అందులో కాలి సంగతే లేదు. నేను ఇక్కడే ఉంటాను, నాకు అక్కడెవరూ గుర్తులేరు, దయచేసి నన్ను పిలవవద్దు అని ఉంది. అబద్ధం చెప్పడానికి తగినంత తెలుగు కూడా ఆమెకు లేదు.

"రాను అని రాసినా నాయనా. పిలవద్దు అని రాసినా."

యేసురత్నం తలూపాడు. "తెలుసు. చదువుతాంటే ఆయప్ప కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. కాలు బాగు కాకుంటే అంత ఏడ్చాల్నా?"

"తెలిసి ఎందుకు అడిగితివి?"

"నీవు నాకు చెప్పుకుంటావో లేదో అని."

ఆమె అతని మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. అతను జుట్టు నిమిరాడే గాని, పరవాలేదు అనలేదు. పరవాలేదనడానికి అతనికి మనసు రాలేదు.

మూడు నెలల సెలవు అయిపోయింది. ఆమె పోలేదు. ఫ్యాక్టరీలో ఆమె మిషను ఇంకొకరికిచ్చారు, మిస్సమ్మ ఇల్లు ఆవిడ అన్న కొడుకులు అమ్ముకున్నారు. మరుసటి ఏడు వానాకాలంలో యేసురత్నం పోయాడు. చివరి వారం తెలివీ మైకమూ కలిసిన మాటల్లో, "కూత ఏసినారు పాపా, లెయ్, పనికి పొద్దుపోతాంది" అనేవాడు.

లూదియా నంద్యాలలో ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేరింది. ఇంగ్లీషు బాగా చెబుతుందని పిల్లలు ఇష్టపడేవాళ్లు. ఆరేళ్లు గడిచాయి. 1982 వేసవిలో డోరీన్ ఉత్తరం రాసింది: ఫ్యాక్టరీ మూసేశారు, గోడలు కూలగొడుతున్నారు, మనవాళ్లంతా తలో దిక్కు అయిపోయారు.

వరండాలో నిలబడి చదువుతున్న ఆమె ముఖం చూసి వంటమనిషి సారమ్మ పరుగున వచ్చింది. "ఏందక్కా, ఎవురన్నా పోయినారా?"

"నేను పనిచేసిన ఫ్యాక్టరీ, సారమ్మా. పడగొడతాండారంట."

"అంతేనా! నీవు ఈడ ఉండావు గదక్కా. అది ఉంటే ఏమి, లేకుంటే ఏమి?" సారమ్మ ప్రేమగానే అంది.

చెప్పాలని లూదియా నోరు తెరిచింది. ఆ వీధి, ఆ సైకిళ్లు, వానరోజు వాసన, ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. ఎక్కడ మొదలుపెట్టినా అందుకోగలిగిన మనిషి ఈ జిల్లాలో ఒక్కడే ఉండేవాడు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, తండ్రి పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది.

భోజనం గంట కొట్టారు. పిల్లలు కంచాలు పట్టుకుని బారు కట్టే చప్పుడు వినిపించింది. లూదియా ముఖం కడుక్కుని వడ్డించడానికి వెళ్లింది.